ఇట్లు, చూసినవాళ్ళం

శివపార్వతి రోడ్డు మీద చచ్చిపోలేదు. గంపలగూడెం రోడ్డులో గుర్తు తెలియని ఆటో గుద్ది చచ్చిపోయిందని కాగితం పుట్టింది గానీ, అది పచ్చి అబద్ధం. ఆ అబద్ధాన్ని మొట్టమొదట టైపు కొట్టినవాడు లాల్‌సాహెబ్. కొడుతున్నప్పుడు అతనికి సంగతి తెలియదు. తెలిసేసరికి మూడు కాపీలూ సీళ్ళు వేయించుకుని ఫైళ్ళలోకి వెళ్ళిపోయాయి.

తిరువూరు తాసీల్దారు ఆఫీసు ఎదుట వరసగా ఉన్న టైపు షాపుల్లో లాల్‌సాహెబ్‌ది అన్నిటికంటే పాతది. ముప్పై అయిదేళ్ళుగా అదే బల్ల, అదే తెలుగు మిషను. నాలుగేళ్ళ కిందట కూతురు అబీదా డిగ్రీ అయ్యాక పక్కన రెండు కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ తెరిచింది. సగం షాపులో టకటకలు, సగం షాపులో చప్పుడే ఉండదు. లాల్‌సాహెబ్‌కి ఒక అలవాటుంది. అర్జీ కొట్టాక రాయించుకున్నవాళ్ళని ఎదురుగా నిలబెట్టి మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా పైకి చదువుతాడు. విన్నాకే సంతకం, విన్నాకే వేలిముద్ర. తెల్లకాగితం మీద వేలిముద్రలు వేయించుకునే పెద్దమనుషులకి కొదవలేని చోట, పేదవాళ్ళు అతన్ని వెతుక్కుంటూ వచ్చేది ఆ అలవాటు కోసమే.

2009 నవంబరులో ఒక రోజు పొద్దున్నే, పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లు మేనేజరు సీతారామారావు ఆరుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"సాయిబూ, అర్జెంటు. నే చెప్తా, నువ్వు కొట్టు."

కొట్టాడు. వినగడప కాపురస్తురాలు శివపార్వతి, వయసు ఇరవై ఆరు, రోడ్డు దాటుచుండగా ఆటో గుద్ది అక్కడికక్కడే మరణించినది, ఇందుకు మేము ఆరుగురము సాక్షులము. కాగితం మిషన్లోంచి తీసి చదవబోయాడు.

"చదవక్కర్లేదులేవయ్యా. వీళ్ళకన్నీ తెలుసు" అని సీతారామారావు కాగితం లాక్కున్నాడు. ఆరుగురూ తలలు వంచుకుని సంతకాలు గిలికి వెళ్ళిపోయారు. లాల్‌సాహెబ్ మనసులో ఏదో గుచ్చుకుంది. అయినా ఊరుకున్నాడు. ఎన్ని చూడలేదు!

మధ్యాహ్నం మిల్లు ఆడవాళ్ళు వచ్చారు. ముందు మేరమ్మ. ఏభై అయిదేళ్ళ మనిషి, ఇరవై ఏళ్ళుగా దూది నుసి పీల్చి ఊపిరితిత్తులు తూట్లు పడిపోయిన మనిషి. అందరి జుట్టులోనూ దూది. ఒక్కరి కంట్లోనూ తడి లేదు. ఏడవటానికి ఇంకా తీరికే దొరకలేదు వాళ్ళకి.

"అర్జీ రాయాలి సాయిబు గారూ. శివపార్వతిని మిల్లే మింగేసింది."

లాల్‌సాహెబ్ మిషను మీంచి చేతులు తీశాడు.

"జిన్నుల కింద గింజలూడుస్తున్నామండీ" అంది మేరమ్మ. "నాకు దగ్గు తెరలు తెరలుగా వస్తంది. ఆ పిల్ల చూళ్ళేక తన తలగుడ్డిప్పి నా మూతికి కట్టింది. 'నాకేం గాదులే అత్తా' అంది. వంగింది. జడ జారింది. కింద తిరిగే షాఫ్టు లాగేసింది. మిషనాపమని అరిచాం. సరుకు లారీ వచ్చే టైమని ఆపలేదండీ! ఆపేసరికి..." మేరమ్మ మూతి మీదికి చెయ్యి పోయింది. ఆ తలగుడ్డ ఇంకా ఆమె మెడలోనే ఉంది. "ఎనక గేట్లోంచి తీస్కెళ్ళి రోడ్డు మీద పడుకోబెట్టారు. గింజల గోతం దించినట్టు దించారు."

"ఎవరెవరు చూశారు?"

"అందరం చూశాం."

లాల్‌సాహెబ్ తల ఎత్తలేకపోయాడు. పొద్దున తను కొట్టిన కాగితం సంగతి చెప్పాడు. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. కానీ చెప్పకుండా మిషను మీద చెయ్యి ఎలా వెయ్యటం? మేరమ్మ, "తెలిసి కొట్టావా?" అంది. తెలియదన్నాడు. "అయితే ఇప్పుడు తెలిసి కొట్టు" అంది. ఆ రోజు నుంచి ఆ కాగితాన్ని చెరపటమే అతని బతుకయింది. శివపార్వతి మిల్లులో చనిపోయిందని ఎక్కడో ఒకచోట, ఏదో ఒక కాగితం మీద ఎక్కాలి.

తాసీల్దారుకి ఒక అర్జీ. పోలీసులకి ఒకటి. లేబరు ఆఫీసుకి ఒకటి. మూడు చోట్లా ఒకటే మాట. ఆరుగురు సాక్షుల వాంగ్మూలం ముందే ఉంది, ఇంక మీరేం చూశారమ్మా, వెళ్ళండి.

అప్పుడు అబీదా ఒక కాగితం ప్రింటు తీసి తండ్రి ముందు పెట్టింది. మిల్లులో కట్టే దూది బేళ్ళ మీద స్టెన్సిలు పెట్టి యూరప్ రేవు పేరు రంగుతో దిద్దేది ఈ ఆడవాళ్ళే. ఆ పేరు పట్టుకుని నెట్లో వెతుకుతూ పోతే, యూరప్ దేశాలకీ మన దేశానికీ 1994లో అమల్లోకి వచ్చిన ఒప్పందం దొరికింది. అందులో మొదటి క్లాజే ఇది. మానవ హక్కుల పట్ల గౌరవమే ఈ సహకారానికి ఆధారం.

లాల్‌సాహెబ్ కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. "మొదటి క్లాజులో పెట్టారంటే పునాదన్నమాట. సంతకాలున్నాయా?"

"ఉన్నాయి నాన్నా. రెండు వైపులా."

"మరి మనలాంటివాడు అర్జీ పెట్టుకోవాలంటే ఎవరి సముఖానికి?"

అబీదా పేజీలన్నీ తిరగేసింది. పత్తి గురించి ఉంది, పరిశ్రమ గురించి ఉంది, చేపల గురించి కూడా ఉంది. కూలిమనిషి ఎవరికి చెప్పుకోవాలో మాత్రం లేదు. పునాది వేశారు, ఇంటికి తలుపు పెట్టటం మర్చిపోయారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మిల్లు కూలీల పేటలో చర్చి వసారాలో అందరూ కూర్చున్నారు. మిల్లు హమాలీల మేస్త్రీ శౌరయ్య ఆ కాగితం చూసి మండిపడ్డాడు.

"దొరలు దొరలు సంతకాలు పెట్టుకున్న కాయితం! మనకేం ఒరగబెడతది? గేటు ముందు కూచుందాం. బేలు లేపకపోతే మిల్లు షావుకారే దిగొస్తాడు."

"దిగొస్తాడు, గుడివాడ నుంచి కొత్త హమాలీలని దింపుతాడు" అన్నాడు వెనక నుంచి ఒకతను.

"గేటు ముందు కూచుంటాం శౌరయ్యన్నా" అంది అబీదా. "కానీ ఎందుకు కూచున్నామో లోకానికి తెలియాలి. వాళ్ళు రాసుకున్న మాట వాళ్ళకే చూపిద్దాం. నెట్లో పేజీ పెడదాం. ఎవరైనా చదవచ్చు."

"చదివి?"

"అడుగుతారు."

"అడగనీ" అంది మేరమ్మ. "అదీ చేద్దాం, ఇదీ చేద్దాం. నీ బేలూ వద్దు, పిల్ల కాయితమూ వద్దని కూచుంటే శివపార్వతి ఆటో కిందే పడి ఉంటది."

శౌరయ్య ఆ కాగితం మడిచి అబీదా చేతికిచ్చాడు.

ఇక్కడే జరిగింది తప్పు. నెట్లో పేర్లక్కర్లేదు, ఊరూ పేరూ లేకుండా పెట్టచ్చు, అదే క్షేమం అంది అబీదా. లాల్‌సాహెబ్ ఒప్పుకుంటేగా!

"ఆకాశరామన్న ఉత్తరమా? ముప్పై అయిదేళ్ళలో ఒక్కటి కొట్టలేదమ్మా నేను. సంతకం లేని కాగితం చెత్తబుట్టకి పోతుంది. అబద్ధానికి ఆరుగురు పేర్లిచ్చారు. నిజానికి ఒక్కరూ ఇవ్వరా?"

"నా పేరు ముందెయ్యి" అంది మేరమ్మ.

శౌరయ్యతో కలిపి ముప్పై ఒక్క పేర్లు వచ్చాయి. భర్త పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ వరసగా, అర్జీలో ఉండాల్సినట్టే. పైన "సముఖమునకు: చదివే అందరికీ" అని పెట్టారు. కింద "ఇట్లు, చూసినవాళ్ళం". షాపులో అందరి ముందూ లాల్‌సాహెబ్ లేచి నిలబడి కంప్యూటరు అద్దం మీంచి మొత్తం చదివి వినిపించాడు. అయ్యాక మేరమ్మ బొటనవేలు చూపించింది.

"ముద్ర ఎక్కడెయ్యాలి?"

"అక్కర్లేదత్తా" అంది అబీదా.

"అక్కర్లేకపోవడమేంటే?" అని మేరమ్మ ఆ అద్దానికే బొటనవేలు గట్టిగా అద్దింది. నూనె మరక పడింది. వెనకున్నవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి అద్దారు. అబీదా నవ్వింది గానీ ఆ అద్దం తుడవలేదు. తన పేరు వేసుకోవాలని లాల్‌సాహెబ్‌కి తోచనే లేదు. అర్జీ కొట్టేవాడు అర్జీలో ఉండడు. అతని లోకంలో అది పద్ధతి.

పది రోజుల్లో ఆ పేజీని వేలమంది చూశారు. హైదరాబాదు విద్యార్థులు రాశారు, ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలొచ్చాయి. శౌరయ్య మనుషులు రోజూ ఒక గంట బేళ్ళు లేపకుండా గేటు దగ్గర కూర్చుంటున్నారు. అబీదా అదే అర్జీని సరుకు కొనే విదేశీ కంపెనీకీ పంపింది. వాళ్ళ నుంచి మర్యాదగా రెండు వాక్యాలొచ్చాయి. మీ ఫిర్యాదు అందింది, మిల్లు యాజమాన్యానికి వివరణ కోసం పంపించాం. ఏం పంపించారు? ముప్పై ఒక్క పేర్లతో సహా, ఉన్నదున్నట్టు అర్జీనే పంపించారు. లాల్‌సాహెబ్‌కి అది అర్థం కాలేదు. తన అర్జీకి మొదటిసారి సముద్రం అవతల నుంచి జవాబొచ్చిందని రెండు పూటలు పొంగిపోయాడు.

డిసెంబరు మొదటి వారంలో మిల్లు గేటు దగ్గరికి ఎస్సై వచ్చాడు. మిల్లు స్థలంలో, మిల్లు కట్టించిన గదుల్లోనే పోలీసు ఔట్‌పోస్టు ఉంది. అక్కణ్ణుంచి నాలుగడుగులే. చేతిలో ప్రింటు. గొంతు సవరించుకుని చదివాడు.

"మేరమ్మ, భర్త ఏసోబు."

"ఆఁ" అంది మేరమ్మ, మిల్లు మస్టరులో హాజరు పలికినట్టు.

ఆడవాళ్ళ మొహాలు వెలిగాయి. అర్జీ పైదాకా వెళ్ళింది, వాంగ్మూలాలు తీసుకోవటానికి వచ్చారు! ఒక్కొక్క పేరూ పిలుస్తుంటే ఒక్కొక్కరే "ఆఁ", "ఆఁ" అంటూ కొంగులు సర్దుకుని ముందుకొచ్చి నిలబడ్డారు. వెనకబడ్డవాళ్ళని "నీ పేరే, పో" అని పక్కవాళ్ళు తోశారు. లాల్‌సాహెబ్ అక్కడే ఉన్నాడు. తన వరస ప్రకారం, తను కొట్టిన ఊరు పేర్లతో సహా చదువుతుంటే అతని గుండె ఉప్పొంగింది. ఎంత వెర్రివాడు! చివరి పేరయ్యాక దూది లారీ వెనక్కొచ్చి ఆగింది. కానిస్టేబుళ్ళు లాఠీలతో ఆ ముప్పై ఒక్కమందినీ అందులోకి తోశారు.

"ఎందుకండీ? మేం రాసింది అబద్ధమా?" అని శౌరయ్య అరిచాడు.

"నిజమో అబద్ధమో నాకు సంబంధం లేదు" అన్నాడు ఎస్సై. "కొత్త సెక్షనొచ్చింది, తెలుసా? కంప్యూటర్లో రాసి మనిషికి చిరాకు కలిగిస్తే మూడేళ్ళు. షావుకారుగారికి చిరాకు కలిగింది."

శివపార్వతి జడ షాఫ్టులో పడితే ఏ సెక్షనూ లేవలేదు. షావుకారుకి చిరాకు కలగ్గానే సెక్షను లేచి కూర్చుంది. అదే పూట షాపుకొచ్చి కంప్యూటర్లు రెండూ మోసుకుపోయారు. "పేజీ పెట్టింది నేను, వాళ్ళు కాదు" అని అబీదా ఎదురెళ్ళింది. ఆమెనీ తీసుకుపోయారు. సాయంత్రానికి ఆ పేజీ కూడా లేదు. పక్క ఊరి నెట్ సెంటర్లో తెరిస్తే ఖాళీ తెర కనిపించింది.

అందరినీ ఔట్‌పోస్టు వెనక గింజల గోడౌనులో పెట్టారు. నుసి మోకాలెత్తు లేస్తుంది అందులో. రెండో రోజు తెల్లకాగితాలు తెచ్చి, వేలిముద్ర వేసినవాళ్ళని వదిలేస్తామన్నారు. ఇళ్ళ దగ్గర పసిపిల్లలున్నారు, ముసలివాళ్ళున్నారు. ఏడుస్తూ వేశారు. శౌరయ్య కూడా వేశాడు. ఆ బొటనవేలిని నేలకేసి రుద్దుకుంటూ బయటికొచ్చాడు. మేరమ్మ వెయ్యలేదు.

"చదివి వినిపించండి, ఏస్తాను" అంది.

"తెల్లకాగితంలో చదవటానికి ఏముందే?"

"ఏం లేందానికి ముద్రెందుకు?"

ఆమెనీ, అబీదానీ ఉంచేశారు. లాల్‌సాహెబ్ రెండు రోజులూ ఔట్‌పోస్టు గేటు దగ్గర నిలబడే ఉన్నాడు. లోపల్నుంచి మేరమ్మ దగ్గు వినిపించేది. మూడో రోజు తెల్లవారేసరికి దగ్గు ఆగింది. దగ్గు తగ్గిందనుకున్నాడు, అల్లాకి మొక్కుకున్నాడు కూడా. కాసేపటికి పేట నుంచి గోల వినిపించింది. మేరమ్మని వెనక గేట్లోంచి ఆటోలో తెచ్చి ఆమె గుడిసె ముందు పడుకోబెట్టి పోయారట. మూతికి శివపార్వతి తలగుడ్డ కట్టుకునే ఉంది.

ఎస్సై అతన్ని లోపలికి పిలిచాడు. ఈసారి గొంతు మెత్తగా ఉంది.

"ఏమయ్యా సాయిబూ, పెద్దవాడివి. నీ మిషను తెచ్చుకో. చిన్న కాయితం. మేరమ్మని నిన్న సాయంత్రమే వదిలేశాం, ఇంటికెళ్ళాక ఆయాసంతో పోయింది. కింద సాక్షి సంతకం నీ కూతురు పెడుతుంది. పెట్టగానే తీసుకెళ్ళిపో. లేదా, మూడేళ్ళు. ఆడపిల్ల. ఆలోచించుకో."

గోడౌను తలుపు ఊచల్లోంచి అబీదాని చూశాడు. జుట్టంతా నుసి. రాత్రంతా మేరమ్మ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పిల్ల. కళ్ళు వాచిపోయాయి.

"అమ్మా, ఆ పేర్లు నేనే కొట్టాను" అన్నాడు. "నువ్వు వద్దంటే వినలేదు. నా చేత్తోనే మేరమ్మని పట్టించాను. నిన్నయినా తెచ్చుకోనీ. కొట్టేయనా?"

అబీదా గోడ పట్టుకుని లేచి ఊచల దగ్గరికి వచ్చింది.

"కొట్టు నాన్నా. సంతకం పెడతాను" అంది. "కానీ కొట్టాక నీ పద్ధతి ప్రకారం చదివి వినిపించాలి. నాకు కాదు. పేటకెళ్ళి, మేరమ్మత్త పక్కన నిలబడి చదువు. చదవగలిగితే ఇంటికి పోదాం."

పేటకి వెళ్ళక్కర్లేకపోయింది. పేటే వచ్చింది. మేరమ్మని నులకమంచం మీద మోసుకుని, శౌరయ్య ఒక కోడు భుజాన పెట్టుకుని, వెనక మిల్లు జనమంతా, వినగడప నుంచి శివపార్వతి అత్త, నెమలి ఊరి నుంచి కూలోళ్ళు, కాలేజీ పిల్లలు. మంచాన్ని ఔట్‌పోస్టు మెట్ల ముందు దించారు. మిల్లులో జిన్నులు ఆగిపోయాయి. ఒక్క బేలు కూడా కదల్లేదు.

లాల్‌సాహెబ్ మిషను తెచ్చుకుని వరండాలో బల్ల మీద పెట్టాడు. నాలుగు కాగితాలు, మధ్యలో కార్బన్లు. ఎస్సై చెబుతున్నాడు. లాల్‌సాహెబ్ కొడుతున్నాడు. ఎస్సై కళ్ళు జనం మీదున్నాయి గానీ కాగితం మీద లేవు. టైపు మిషను ఎవరు చెప్పింది కొడుతుందో చప్పుడుని బట్టి తెలియదు కదా! అయ్యాక లాల్‌సాహెబ్ కాగితాలు లాగి, మెట్ల మీద నిలబడ్డాడు.

"చదవాలి సార్. నా పద్ధతి."

"కానియ్" అన్నాడు ఎస్సై. జనం వింటే మంచిదే అనుకున్నాడు.

లాల్‌సాహెబ్ కింది కాపీలు మూడూ వంగి శౌరయ్య చేతిలో పెట్టి, పై కాగితం ఎత్తాడు.

"సముఖమునకు: చదివే అందరికీ, వినే అందరికీ. వినగడప కాపురస్తురాలు శివపార్వతి మిల్లులో షాఫ్టుకి జడ చిక్కుకుని చనిపోయింది. ఆటో గుద్దిందన్న కాగితం కొట్టింది నేనే. అది అబద్ధం. మేరమ్మ ఇంట్లో చనిపోలేదు. ఈ ఔట్‌పోస్టు వెనక గింజల గోడౌనులో చనిపోయింది. చూసింది రాసినందుకు తెచ్చారు. చదవని కాగితం మీద ముద్ర వెయ్యనన్నందుకు ఉంచేశారు. రెండు వైపుల పెద్దలు సంతకాలు పెట్టిన ఒప్పందంలో మొదటి మాట మానవ హక్కులని రాసుకున్నారు. ఆ మాట ఇక్కడ చచ్చిపోయింది. మేం చూశాం. ఇట్లు, చూసినవాళ్ళం. ఒకటి, లాల్‌సాహెబ్, తండ్రి మీరాసాహెబ్..."

ముప్పై అయిదేళ్ళలో అతని పేరు ఒక అర్జీలో ఎక్కటం అదే మొదలు. ఆ ముక్క పూర్తి కాకుండానే ఎస్సై కాగితం లాగి చింపేశాడు. కానిస్టేబుళ్ళు లాల్‌సాహెబ్‌ని చంకల కింద చేతులేసి ఈడ్చుకెళ్ళి, కూతురున్న గోడౌనులోకే నెట్టారు. మిషను మెట్ల మీంచి కింద పడి అక్షరాల కమ్మీలు వంకర పోయాయి. అబీదా తండ్రి చెయ్యి పట్టుకుంది.

బయట ఎస్సై కేకలు వినిపిస్తున్నాయి. కేసు కాగితం కొట్టించాలి, ఎవడో ఒకణ్ణి పిలుచుకు రా. కానిస్టేబులు తాసీల్దారు ఆఫీసు ఎదుటికి పరిగెత్తి అరగంటలో ఉత్త చేతుల్తో తిరిగొచ్చాడు.

"ఎవరూ రానంటున్నారు సార్. మిషన్ల మీద గుడ్డలు కప్పేసి, అందరూ ఇటే వస్తున్నారు."

శౌరయ్య దగ్గరున్న కాపీలు అప్పటికే చేతులు మారుతున్నాయి. ఎవరో స్టాంపు ప్యాడ్ తెచ్చారు. తెల్లకాగితం మీద ముద్ర వేసి వచ్చిన ముప్పైమందీ ముందు నిలబడ్డారు. వెనక వరస మిల్లు గోడ వెంబడి రోడ్డు దాకా పెరిగింది. శౌరయ్య ఒక్కొక్క పేరే గట్టిగా పిలుస్తున్నాడు, తండ్రి పేరుతో, భర్త పేరుతో, ఊరితో. పిలిచినవాళ్ళు పలికి, వచ్చి, వేలు అద్దుతున్నారు. లాఠీలు లేచాయి. వరస కొంచెం వంగింది గానీ తెగలేదు.

ఊచల అవతల నుంచి శౌరయ్య గొంతు మళ్ళీ వచ్చింది.

"మేరమ్మ, భర్త ఏసోబు."

ఒక్క క్షణం ఎవరూ పలకలేదు. తర్వాత అంతమంది ఆడవాళ్ళూ ఒక్కసారే "ఆఁ" అన్నారు. గోడౌనులో లాల్‌సాహెబ్ ఊచలు పట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.